సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్ పెట్రోల్ (2019): ఏ ఇంజన్ తీసుకోవాలి, ఏది వదిలెయ్యాలి

ముందే చెప్పేస్తా, చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళ కోసం. నెలకి 1500 కిలోమీటర్లు దాటి తిరగని వాళ్ళయితే సెకండ్స్‌లో స్విఫ్ట్ పెట్రోలే తీసుకోండి, డీజిల్ ఎంత చవగ్గా వస్తున్నా సరే. పెట్రోల్లో కూడా 2018 తర్వాత వచ్చిన షేపు, నాలుగు సిలిండర్ల 1.2 ఇంజన్, మాన్యువల్ గేర్. నేను కొన్నది అదే, 2019 చివర్లో రిజిస్టర్ అయిన వీఎక్స్ఐ (బేస్ మోడల్ మీదది), బీఎస్6 (కొత్త పొగ రూల్స్‌కి తగ్గ ఇంజన్), సింగిల్ ఓనర్. నా తిరుగుడు ఏంటంటే వారంలో మూడు రోజులు మియాపూర్ నుంచి మాదాపూర్ ఆఫీసుకి, పండగలకి నరసరావుపేట, మా అమ్మకి మనసైనప్పుడల్లా శ్రీశైలం. ఈ మూడు రకాల రోడ్ల మీదా బండి ఎలా ఉందో చెప్తా, దాంతో పాటు కొనేటప్పుడు ఏం చూడాలో కూడా.

అసలు స్విఫ్ట్ అని ఒకే పేరు పెట్టి మారుతీ వాళ్ళు ఇన్నేళ్ళలో ఎన్ని ఇంజన్లు అమ్మారో చాలామందికి ఐడియా ఉండదండి. 2005లో వచ్చిన మొదటి స్విఫ్ట్‌లో 1.3 పెట్రోల్ ఉండేది, పికప్ బావుండేది కానీ తాగుడు ఎక్కువ. 2007లో డీజిల్ వచ్చింది, 2010లో ఆ 1.3 పెట్రోల్ తీసేసి కే-సిరీస్ 1.2 పెట్టారు. 2011లో షేపు మారింది, 2018లో మళ్ళీ మారింది, 2019 మధ్యలో పెట్రోల్ బీఎస్6 అయ్యింది, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 రూల్ వస్తుందని డీజిల్ మొత్తానికే ఆపేశారు. 2021 ఫేస్‌లిఫ్ట్‌లో డ్యూయల్‌జెట్ అని 90 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి పవర్ లెక్క) ఇంజన్, 2022లో కంపెనీ సీఎన్జీ, 2024 మేలో వచ్చిన కొత్త షేపులో మూడు సిలిండర్ల ఇంజన్. అంటే "స్విఫ్ట్ ఉంది అన్నా, తీస్కుంటావా" అని ఎవరైనా ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న రేటు గురించి అడక్కండి, ఏ సంవత్సరం, ఏ ఇంజన్ అని అడగండి.

డీజిల్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళలో డీజిల్ స్విఫ్ట్ మీద మోజు ఇంకా పోలేదు. ఆ ఇంజన్ నిజానికి మారుతీది కాదు, ఫియట్ వాళ్ళ 1.3 మల్టీజెట్, 1248 సీసీ. అదే ఇంజన్ డిజైర్, రిట్జ్, ఎర్టిగా, బ్రెజాల్లో ఉంది, టాటా ఇండికా విస్టాలో ఉంది, ఫియట్ పుంటోలో ఎలాగూ ఉంది. అందుకే దాన్ని అందరూ నేషనల్ ఇంజన్ అనేవాళ్ళు. స్విఫ్ట్‌లో 75 పీఎస్, 190 ఎన్ఎం టార్క్ (అంటే లాగే బలం). పేపర్ మీద పవర్ తక్కువే కానీ హైవే మీద 2000 ఆర్పీఎం దాటిందంటే ఆ లాగుడు వేరే, పెట్రోల్ వాళ్ళు అది ఒప్పుకోవాల్సిందే. మైలేజ్ కూడా కంపెనీ లెక్క 2018 మోడల్‌కి 28.4, మన చేతిలో సిటీ హైవే కలిపి 19, 20 దాకా ఈజీగా వస్తుంది. టైమింగ్ బెల్టు గోల లేదు, చైనే. మంచి ఇంజన్. నేను కాదనట్లేదు.

ఐతే సిటీలో మాత్రం 2000 లోపు అది నిద్రపోతుంది. జేఎన్టీయూ దగ్గర సాయంత్రం ఏడింటికి సెకండ్ గేర్లో పాకుతూ పోతుంటే టర్బో అందుకోదు, మళ్ళీ ఫస్ట్‌కి రావాలి, క్లచ్ కూడా పెట్రోల్ దానికంటే గట్టిగా ఉంటుంది, ఎడమ మోకాలు చెప్తుంది ఆ తేడా. పైగా ముక్కు దగ్గర దాదాపు 100 కిలోలు అదనపు బరువు.

దీనికంటే పెద్ద విషయం ఇంకోటుంది. డీజిల్ స్విఫ్ట్ కొన్నవాడు ఎందుకు కొన్నాడు? ఎక్కువ తిరుగుతాడు కాబట్టే కదా, లక్ష రూపాయలు ఎక్కువ పెట్టి కొన్నది ఇంటి ముందు పార్క్ చేసుకోడానికి కాదు కదా. మరి 2014 డీజిల్ స్విఫ్ట్ మీటర్ మీద 62 వేలు చూపిస్తుంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. నేను చూసిన డీజిల్ బళ్ళలో సగానికి పైగా ఇలాంటి ముద్దొచ్చే రీడింగులే, స్టీరింగ్ తోలు అద్దంలా మెరిసిపోతుంటుంది, క్లచ్ పెడల్ రబ్బర్ అరిగి నున్నగా ఉంటుంది, మీటర్ మాత్రం పసిపాప. డీజిల్ తయారీ ఆగిపోయి ఏళ్ళయ్యింది కాబట్టి మార్కెట్లో ఉన్నవి చాలావరకు 2012 నుంచి 2017 మధ్యవి, వాటిలో లక్ష దాటనిది దొరకడం అరుదు.

డబ్బు లెక్క కూడా చూద్దాం. నేను కొన్నప్పుడు హైదరాబాద్‌లో పెట్రోల్ 107 చిల్లర, డీజిల్ 95 చిల్లర. నెలకి 600 కిలోమీటర్లు తిరిగే నాలాంటి వాడికి పెట్రోల్ 15 ఇచ్చినా, డీజిల్ 19 ఇచ్చినా నెలకి తేడా 1300 లోపే, ఏడాదికి పదిహేను వేలు అనుకోండి. లక్షా యాభై వేలు తిరిగిన డీజిల్ బండికి ఇంజెక్టర్ల పనో, టర్బోనో, క్లచ్ సెట్టో ఏదో ఒకటి ఖచ్చితంగా వస్తుంది, ఏది వచ్చినా ఆ పదిహేను వేలు అక్కడికక్కడే మింగేస్తుంది. పైగా చిన్న చిన్న దూరాలే తిప్పితే ఈజీఆర్‌లో (పొగలో కొంత మళ్ళీ ఇంజన్లోకి పంపే వాల్వ్) మసి పేరుకుంటుంది, బండి పొగ కొడుతుంది, పికప్ చచ్చిపోతుంది. అదే నెలకి 1500 పైన, అందులోనూ హైవే ఎక్కువ అయితే ఏడాదికి 38 వేల దాకా మిగులుతుంది, వాళ్ళకి డీజిల్ లెక్క కుదురుతుంది. మా బావమరిది మిర్యాలగూడ నుంచి రోజూ తిరిగే మనిషి, వాడికి నేనే డీజిల్ తీస్కో అని చెప్పా.

ఢిల్లీ బళ్ళ గురించి ఒక్క ముక్క. అక్కడ 10 ఏళ్ళు దాటిన డీజిల్, 15 ఏళ్ళు దాటిన పెట్రోల్ బళ్ళ మీద ఆంక్షలు పెట్టారు కాబట్టి ఆ గడువు దగ్గరపడ్డ బళ్ళు చవగ్గా మన వైపు దిగుతుంటాయి. రేటు చూస్తే నోరూరుతుంది. కానీ అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) తెచ్చుకోవాలి, ఇక్కడ మళ్ళీ లైఫ్ టాక్స్ కట్టాలి, రీ-రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఆర్టీఏ ఆఫీసు చుట్టూ తిరగాలి. అవన్నీ కలిపితే ఇక్కడి బండి రేటుకే వచ్చి కూర్చుంటుంది.

ఇక పెట్రోల్. 2018 షేపులో ఉన్న కే12ఎమ్ ఇంజన్, 1197 సీసీ, 83 పీఎస్, 113 ఎన్ఎం. ఇదే ఇంజన్ బాలెనోలో, డిజైర్లో, ఇగ్నిస్‌లో ఉంది, అంటే ఏ ఊళ్ళో ఏ షెడ్డుకి వెళ్ళినా దీని మీద చెయ్యి పడని మెకానిక్ ఉండడు, ఏ పార్టు కావాలన్నా సాయంత్రానికి దొరుకుతుంది. సెకండ్ హ్యాండ్ బండికి ఇంతకంటే పెద్ద ఫీచర్ ఏం కావాలి చెప్పండి. నాలుగు సిలిండర్లు కాబట్టి ఐడిల్‌లో వణుకు అనేదే లేదు, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆఫ్ అయిపోయిందేమో అని ఆర్పీఎం ముల్లు చూస్తుంటా. ఈ షేపుకి బండి బరువు కూడా బాగా తగ్గించారు, పెట్రోల్ మాన్యువల్ 900 కిలోల లోపే, అందుకే 83 పీఎస్ అయినా చురుగ్గా ఉంటుంది. 4000 దాటాక ఆ ఇంజన్ పాడే పాట వేరు, విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాటాక మూడో గేర్లో ఒకసారి లాగి చూడండి.

ఐతే అంతా తీపి కాదు. లోడు మీద లో-ఎండ్ (తక్కువ ఆర్పీఎంలో లాగుడు) పల్చగా ఉంటుంది. శ్రీశైలం రోడ్డు దీనికి అసలు పరీక్ష. మన్ననూర్ చెక్‌పోస్ట్ దాటి (రాత్రి తొమ్మిది తర్వాత గేటు వేసేస్తారు, చూసుకుని బయల్దేరండి) నల్లమల అడవిలో ఎలాగూ స్పీడు పోకూడదు కాబట్టి అక్కడిదాకా హాయి. దోమలపెంట దాటాక డ్యామ్ వైపు దిగేటప్పుడు సెకండ్ గేర్లో ఇంజన్ బ్రేకింగ్‌తో దిగొచ్చు, అదీ బావుంటుంది. తిరుగు ప్రయాణంలో ఎక్కేటప్పుడు ఉంటుంది సినిమా. అయిదుగురం, డిక్కీలో సామాన్లు, ఏసీ ఆన్. హెయిర్‌పిన్ దగ్గర మూడో గేర్లో ఎక్కుదామంటే కుదరదు, ముక్కుతుంది, సెకండ్‌కి వచ్చి 3000 మీద ఉంచితే అప్పుడు ఎక్కుతుంది. ఏసీ ఆపాల్సిన అవసరం రాలేదు కానీ ముందు ఆర్టీసీ బస్సు ఉంటే ఓవర్‌టేక్ ఆలోచన మానుకుని దాని వెనకే పొండి. డీజిల్ వాడు ఇక్కడ మనల్ని చూసి నవ్వుతాడు, నవ్వనివ్వండి.

మైలేజ్ నాకు మియాపూర్ మాదాపూర్ ట్రాఫిక్‌లో 14, 15. హైవే మీద 90, 100 మధ్య పోతే 19, 20. కంపెనీ చెప్పే అంకె 21, 22 దగ్గర ఉంటుంది, దాన్ని అంతగా పట్టించుకోవద్దు. ట్యాంకు మాత్రం 37 లీటర్లే, పాత షేపులో 42 ఉండేది, దూరం వెళ్ళేవాళ్ళకి ఆ అయిదు లీటర్ల లోటు తెలుస్తుంది. ఇంకోటి, ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ పెట్రోల్. కొత్త బళ్ళు 2023 ఏప్రిల్ నుంచే దానికి తగ్గట్టు వస్తున్నాయి, అంతకుముందువి కాదు. నాకు మైలేజ్ కాస్త తగ్గింది తప్ప ఇప్పటిదాకా వేరే తేడా రాలేదు. కానీ బండి కొనగానే ఫ్యూయల్ పైపులు, రబ్బర్లు ఒకసారి చూపించుకోవడం మంచిది, నేను చూపించా.

బడ్జెట్ ఇంకో లక్ష పెంచగలిగితే 2021 తర్వాతి డ్యూయల్‌జెట్ తీసుకోండి, మొహమాటం లేకుండా చెప్తున్నా. ఒక్కో సిలిండర్‌కి రెండు ఇంజెక్టర్లు, 90 పీఎస్, కంపెనీ మైలేజ్ 23 పైన, సిగ్నల్ దగ్గర దానంతటదే ఆగి క్లచ్ తొక్కగానే స్టార్ట్ అవుతుంది. ఆ స్టార్ట్-స్టాప్‌కి తగ్గ బ్యాటరీ మామూలు దానికంటే రేటు ఎక్కువ, కొనేటప్పుడు బ్యాటరీ ఏ నెలదో చూడండి, చూసి బేరంలో వాడుకోండి. నాకు అయిదు లక్షల గీత దాటొద్దని ఇంట్లో హుకుం, అందుకే 2019 దగ్గర ఆగా.

ఆటోమేటిక్ గురించి చాలామంది అడుగుతున్నారు. స్విఫ్ట్‌లో ఉన్నది ఏఎంటీ, అంటే మాన్యువల్ గేర్‌బాక్స్‌కే క్లచ్ తొక్కే మిషన్ తగిలించారు. ట్రాఫిక్‌లో కాలికి సుఖం, కానీ గేర్ మారేటప్పుడు తల ఊగుతుంది, ఓవర్‌టేక్‌లో మనం తొక్కాక అది ఆలోచించుకుని కదుల్తుంది. అయిదారేళ్ళ ఏఎంటీ కొంటే దాని యాక్చుయేటర్ (క్లచ్ తొక్కే ఆ మిషన్) పని వచ్చినప్పుడు బిల్లు గట్టిగానే ఉంటుంది. ఎల్‌బీ నగర్ నుంచి గచ్చిబౌలి రోజూ పోయేవాళ్ళయితే తీసుకోండి, వేరేవాళ్ళకి నేను చెప్పను.

చూసేటప్పుడు చెయ్యాల్సింది: పొద్దున్నే వెళ్ళండి, వస్తున్నామని గంట ముందు ఫోన్ చెయ్యకండి. కూకట్‌పల్లి వైపు ఒక సెకండ్స్ షోరూమ్‌కి నేను చెప్పి వెళ్తే అప్పటికే బండి స్టార్ట్ చేసి, కడిగి, ఏసీ వేసి రెడీగా పెట్టారు, బానెట్ మీద చెయ్యి పెడితే పెనంలా కాలుతోంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడే కదా చైన్ గలగల, ట్యాపెట్ల టకటక వినిపించేది, ఇంజన్ వేడెక్కాక చాలా రోగాలు దాక్కుంటాయి. ఆ బండి అక్కడే వదిలేసి వచ్చా. నాతో వచ్చిన మెకానిక్ భాయ్ (ముప్పై ఏళ్ళుగా మూసాపేటలో షెడ్డు) ఏ బండి దగ్గరకి వెళ్ళినా చేసేది ఒకటే, ఆయిల్ మూత తీసి లోపల చూస్తాడు. మజ్జిగ రంగు జిగురు ఉంటే ఆయిల్లో నీళ్ళు కలుస్తున్నట్టు, హెడ్ గ్యాస్కెట్ అనుమానం. డీజిల్ అయితే ఇంజన్ నడుస్తుండగా ఆ మూత దగ్గర పొగ గుప్పుగుప్పున తంతోందా చూస్తాడు, తంతే పిస్టన్ రింగులు అయిపోయాయన్నట్టు. సైలెన్సర్ దగ్గర నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోంది, అక్కడినుంచి ఇంకో మాట మాట్లాడకుండా బండెక్కి వచ్చెయ్యాలి.

యాక్సిడెంట్ బండి పట్టుకోవడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నా. డోర్ రబ్బరు కొంచెం లాగితే కంపెనీ స్పాట్ వెల్డింగులు వరసగా గుంటల్లా కనిపించాలి, అక్కడ పుట్టీ పూసి నున్నగా ఉందంటే టింకరింగ్ అయ్యింది. బానెట్, ఫెండర్ బోల్టుల మీద పెయింట్ చెదిరి ఉంటే విప్పారు అని. అద్దాలన్నీ దాదాపు ఒకే ఏడాదివి ఉండాలి. బంపర్ గీతలు, డోర్ డెంట్లు అసలు లెక్కలోకే రావు, మన సిటీలో అవి లేని బండి ఉంటేనే నాకు డౌటు.

వరదలో మునిగిన బండి మాత్రం జాగ్రత్తండి బాబూ. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ, ఎన్ని బళ్ళు మునిగాయో మనం టీవీల్లో చూశాం, అవన్నీ స్క్రాప్‌కి పోలేదు కదా. సీట్ బెల్ట్ చివరిదాకా లాగి చూడండి, బురద గీత ఉంటుంది. స్టెప్నీ తీసి ఆ గుంటలో చూడండి, కార్పెట్ లేపి వాసన చూడండి. పైకి ఎంత పాలిష్ కొట్టినా సీటు కింద రైలు పట్టాల తుప్పు దాచలేరు. ఇంకా మారుతీతో ఉన్న సుఖం, కంపెనీ సర్వీస్ సెంటర్లలో చేయించిన సర్వీసుల హిస్టరీ బయటికి తియ్యొచ్చు, ఏ తారీఖున ఎన్ని కిలోమీటర్లు అని అందులో ఉంటుంది, మీటర్ తిప్పిన సంగతి అక్కడే బయటపడుతుంది. ఓనర్ ఆ హిస్టరీ ఇవ్వడానికి నసిగితే మీకు సమాధానం దొరికినట్టే.

ఇప్పుడు నా బండిలో నచ్చనివి. వెనక సీటు ఇద్దరికి సరిపోతుంది, మూడో మనిషి ఉంటే మధ్యలో వాడు గుంటూరు వచ్చేలోపు అలుగుతాడు. వెనక డోర్ హ్యాండిల్ పైన కిటికీ పక్కన పెట్టారు, చిన్నపిల్లలకి అందదు. వెనక కిటికీ చిన్నది, మా అమ్మ గుహలో కూర్చోబెట్టావ్ అంటుంది. డిక్కీ 268 లీటర్లు, పాత షేపు మీద చాలా నయం, రెండు పెద్ద సూట్‌కేసులు, ఒక బియ్యం బస్తా పడతాయి. గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు, ఫుల్ లోడ్‌లో మా ఊరి స్పీడ్ బ్రేకర్లు కింద గీకుతాయి. రోడ్డు సౌండు లోపలికి బాగా వస్తుంది, 100 దాటాక పాటల వాల్యూమ్ పెంచాల్సిందే.

సేఫ్టీ విషయంలో దాపరికం అనవసరం. గ్లోబల్ ఎన్‌క్యాప్ (కార్లని గుద్దించి చూసి స్టార్లు ఇచ్చే సంస్థ) టెస్టులో 2018లో ఈ షేపుకి 2 స్టార్లు, 2022లో కొత్త రూల్స్ మీద టెస్ట్ చేస్తే 1. పాత షేపు, ఎయిర్‌బ్యాగులు లేనిది, 2014లో సున్నా. కనీసం 2018 తర్వాతి వాటిల్లో బేస్ మోడల్ నుంచి రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ కొట్టినా చక్రాలు లాక్ అవ్వకుండా చూసేది) ఉన్నాయి, పాత షేపు ఎల్ఎక్స్ఐ, వీఎక్స్ఐల్లో చాలావాటికి అవి లేవు. 2018 షేపే కొనండి అని నేను పట్టుబట్టడానికి ఇంజన్ తర్వాత పెద్ద కారణం ఇదే. స్టార్లే ముఖ్యం అనుకుంటే టియాగో చూడండి, 2020లో 4 స్టార్లు వచ్చింది, ఇంజన్ మాత్రం మూడు సిలిండర్లు, వణుకుతుంది.

మిగతావి కూడా తిప్పి చూశా. పోలో డోర్ వేసిన సౌండ్‌కే సగం మంది పడిపోతారు, నేనూ పడబోయా, కానీ ఆ మామూలు 1.0, 1.2 పెట్రోల్‌కి ఒంట్లో సత్తువ లేదు, టీఎస్ఐ (టర్బో పెట్రోల్) బ్రహ్మాండం, అందులో డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్నదానికి రిపేర్ వస్తే ఆస్తి రాసివ్వాలి. ఫిగో 1.5 డీజిల్ 100 పీఎస్, నడపడానికి ఈ రేటులో దాన్ని మించింది లేదు, ఫోర్డ్ వాళ్ళు 2021లో ఇక్కడ తయారీ ఆపుతున్నామన్నాక రేట్లు పడ్డాయి, బండి పిచ్చి ఉన్నవాళ్ళు చూసుకోవచ్చు. గ్రాండ్ ఐ10 పెట్రోల్ లోపల ఫినిషింగ్ స్విఫ్ట్ కంటే మెరుగు, స్టీరింగ్ ఫీల్ లేదు. ఐ20 నా గీత దాటేసింది.

రేటు ఖాయమయ్యాక కాగితాలు. ఆర్సీలో ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 (లోన్ పేరు ఆర్సీ నుంచి తీయించే ఫారం) ఇచ్చేదాకా పూర్తి డబ్బులు ఇవ్వకండి. ఓనర్ పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు మీ కళ్ళ ముందే పెట్టించుకోండి. చలాన్లు ఎంత ఉన్నాయో నంబర్ కొట్టి చూసి అవి ఓనరే కట్టేలా మాట్లాడుకోండి, నేను కొన్న బండి మీద ఔటర్ రింగ్ రోడ్డు స్పీడ్ చలాన్లు వరసకట్టి ఉన్నాయి, అవి చూసి ఓనర్ గారే నవ్వేశారు. బయట కిట్ వేయించిన సీఎన్జీ బండయితే ఆర్సీలో ఎక్కించారో లేదో చూడాలి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లోపు మీ పేరు మీదకి మార్చుకోవాలి, నో క్లెయిమ్ బోనస్ పాత ఓనర్‌దే, బండితో పాటు మీకు రాదు, కాబట్టి ప్రీమియం కొంచెం పెరుగుతుంది, ఆ తేడాని ముందే బేరంలో పెట్టండి. టైర్ల సైడ్ మీద నాలుగంకెల నంబర్ ఉంటుంది, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం, అది 19 అని ఉంటే నాలుగు టైర్ల డబ్బులు కూడా అందులోనే తగ్గించమనండి. నాకు తగ్గించారు.